నయం కాని జబ్బున్న గుర్రం విషయంలో నిర్ణయం ఎలా తీసుకోవాలి

ప్రాణం మీదికొచ్చే కడుపునొప్పి అయితే వైద్యుడు వచ్చిన కొద్ది గంటల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. ఏళ్ల తరబడి సాగే జబ్బులో అలా తేలే ఘడియ రాదు. కీళ్ల అరుగుదల, మళ్లీ మళ్లీ తిరగబెట్టే లామినైటిస్ అనే గిట్టల జబ్బు, దుమ్ము తగిలితే డొక్కలు ఎగరేయించే ఉబ్బసం, ముసలితనంలో వచ్చే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, కంటి లోపల వచ్చిపోయే వాపు, ఇవన్నీ గుర్రాన్ని కొద్దికొద్దిగా కుంగదీస్తాయి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనపడదు కాబట్టి మనం నిర్ణయాన్ని వాయిదా వేస్తూ పోతాం. చివరికి ఏ అర్ధరాత్రో గుర్రం లేవలేక పడిపోయినప్పుడు, ఆలోచించే వ్యవధి లేకుండా, దొరికిన వైద్యుడితో, దొరికిన పద్ధతిలో అంతా జరిగిపోతుంది.

అలా జరగకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది. గుర్రాన్ని ఉంచుకోవాలా, పని మాన్పించాలా, ఇంకొకరికి ఇవ్వాలా, నొప్పి లేని చావునిచ్చి సాగనంపాలా అన్నది జబ్బు పేరును బట్టో, దాని వయసును బట్టో తేలదు. ఆ గుర్రం ఇవాళ తన రోజు ఎలా గడుపుతోంది, రేపు అంతకంటే మంచి రోజు మీరు ఇవ్వగలరా, ఈ రెండింటిని బట్టి తేలుతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ రెండు ప్రశ్నలకు నిజమైన జవాబు రాబట్టడానికే.

ముందు జబ్బేమిటో ఖాయం చేసుకోండి

"కుంటుతోంది", "చిక్కిపోయింది", "ముసలిదైంది" అనేవి జబ్బులు కావు. గుర్రాలు 25, 30 ఏళ్ల దాకా బతుకుతాయి. ఇరవై దాటిన గుర్రంలో కనిపించే ప్రతి మార్పునూ వయసు ఖాతాలో వేస్తే, నయమయ్యేవి కూడా నయం కాకుండా మిగిలిపోతాయి. ఒళ్లు తగ్గిపోతున్న ముసలి గుర్రానికి చాలాసార్లు పళ్లే కారణం. నమలలేక గడ్డిని ఉండలుగా చేసి బయటికి ఉమ్మేస్తుంటే పళ్లు చూపించండి. నానబెట్టిన మెత్తటి మేత పెడితే అదే గుర్రం నెలల్లో కోలుకోవచ్చు.

వేసవి వచ్చినా ఒంటిమీది పొడవాటి వెంట్రుకలు రాలకపోవడం, వీపు కండలు కరిగి పొట్ట జారడం, నీళ్లు ఎక్కువగా తాగడం కనిపిస్తే కుషింగ్స్ అని అనుమానించాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే లోపం ఇది. రక్తంలో ఏసీటీహెచ్ అనే హార్మోన్ కొలిచి నిర్ధారిస్తారు. శరదృతువులో ఈ హార్మోన్ ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లోనూ పెరుగుతుంది కాబట్టి ఫలితాన్ని కాలంతో కలిపి చదవాలి. జబ్బు పూర్తిగా పోదు. కానీ రోజూ పెర్గోలైడ్ మాత్ర వేస్తూ చాలా గుర్రాలు ఏళ్లపాటు సుఖంగా ఉంటాయి. ఈ పరీక్ష చేయించకుండా "ఇక దీని పని అయిపోయింది" అనుకోవడం అన్యాయం.

లామినైటిస్ ఉన్న గుర్రానికి గిట్టల ఎక్స్‌రే తప్పనిసరి. గిట్ట లోపలి ఎముకను గోడకు పట్టి ఉంచే పొరలు వాచి సడలిపోవడమే ఈ జబ్బు. ఎముక ఎంత తిరిగింది, ఎంత కిందికి దిగింది, అరికాలు ఎంత మందం మిగిలింది అన్నవి బయటినుంచి కనపడవు. ఆ చిత్రాలను వైద్యుడు, లాడాలు కట్టే ఆయన ఇద్దరూ కలిసి చూడాలి. ఇద్దరూ విడివిడిగా వచ్చి చెరో మాట చెప్పిపోతే నష్టపోయేది గుర్రమే. లామినైటిస్ ఎందుకు వచ్చిందో కూడా తేల్చుకోండి. చాలా గుర్రాల్లో దాని వెనక కుషింగ్స్ గానీ, ఇన్సులిన్ అదుపు తప్పడం గానీ ఉంటుంది. ఆ మూలాన్ని పట్టుకోకుండా గిట్టలకు ఎన్ని లాడాలు మార్చినా తిరగబెడుతూనే ఉంటుంది.

వైద్యుడిని సూటిగా అడగండి. ఇది ముదిరే జబ్బా, ఇక్కడితో ఆగేదా? ఇంకా ప్రయత్నించని చికిత్స ఏమైనా ఉందా, అది పనిచేస్తోందో లేదో ఎన్ని వారాల్లో తెలుస్తుంది? ఏది కనిపిస్తే మీరు "ఇక చాలు" అంటారు? ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. వైద్యుడు తనంతట తాను చెప్పడానికి మొహమాటపడతాడు. అడిగితే చెప్తాడు.

చూడటానికి భయపెట్టేవి అన్నీ ప్రమాదకరం కావని కూడా గుర్తుంచుకోండి. తెల్ల గుర్రాలకు వయసు మీదపడ్డాక తోక కింద నల్లటి గడ్డలు రావడం సాధారణం. ఏళ్లపాటు ఇబ్బంది పెట్టకుండా ఉండేవి చాలా ఉన్నాయి. చూపు పోయిన గుర్రం కూడా అంతే. కంటి వాపు వచ్చిపోతున్నంత కాలం దానికి ఉండే నొప్పి భయంకరమైనది. ఆ కన్ను తీసేయించాక చాలా గుర్రాలు మళ్లీ హుషారుగా మారతాయి. ఒంటికన్ను గుర్రం దాదాపు మామూలుగా బతుకుతుంది. రెండు కళ్లూ పోయిన గుర్రం కూడా అలవాటైన చోట, నమ్మకమైన తోడుతో బాగానే ఉండగలదు. మనకు జాలి కలిగించేదీ, గుర్రానికి బాధ కలిగించేదీ ఒకటే కాకపోవచ్చు.

దాని రోజును కాగితం మీద పెట్టండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన పని. కనీసం ఒక నెల చేయండి.

గుర్రం వేటకు గురయ్యే జంతువు. నొప్పిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. మీరు లాయంలోకి అడుగుపెట్టగానే చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతుంది, మీరు వెళ్లగానే తల వాల్చేస్తుంది. కొత్త మనిషిని చూసిన ఉత్సాహంలో వైద్యుడి ముందు కుంటకుండా నడిచి చూపించే గుర్రాలూ ఉన్నాయి. అందుకని దూరం నుంచి, దానికి తెలియకుండా చూడండి. రాత్రిపూట లాయంలో ఒక కెమెరా పెట్టగలిగితే ఎన్నో సందేహాలు తీరతాయి.

మొట్టమొదట చూడాల్సింది అది పడుకుంటోందా లేదా అని. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది. కానీ కలలు వచ్చే గాఢనిద్ర మాత్రం పడుకుంటేనే పడుతుంది. అది రోజుకు అరగంట నుంచి గంట దాకా చాలు, ఆ కాస్తా తప్పనిసరి. కీళ్లు నొప్పిపెట్టే గుర్రం పడుకుంటే లేవలేనేమోనన్న భయంతో నిలబడే గడుపుతుంది. రోజులు గడిచేకొద్దీ నిద్ర చాలక నిలబడ్డచోటే తూలి ముందుకు పడబోయి తమాయించుకుంటుంది. ముందుకాళ్ల చీలమండల ముందువైపు మానని పుండ్లు కనిపిస్తే దీన్నే అనుమానించాలి. పొద్దున్నే ఒంటికి గడ్డిపరకలు, లద్దె మరకలు అంటుకుని ఉన్నాయంటే పడుకుంది అన్నమాట. కొన్ని వారాలుగా ఒళ్లు శుభ్రంగానే ఉంటే సంతోషించకండి.

రెండోది ముఖం. 2014లో పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పిని గుర్తించే ఒక కొలమానం తయారుచేశారు. చెవులు బిగుసుకుని వెనక్కి తిరగడం, కంటిరెప్పలు సగం మూసుకోవడం, కంటిపైన చర్మం లాగినట్టుండటం, దవడ కండలు ఉబ్బి కనిపించడం, మూతి బిగపట్టి గడ్డం పొడుచుకురావడం, ముక్కుపుటాలు సాగడం, ఈ ఆరింటినీ అది చూస్తుంది. మీ గుర్రం కులాసాగా ఉన్నప్పటి పాత ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి. తేడా పట్టుకోవడం అనుకున్నంత కష్టం కాదు.

కదలిక కూడా రాయండి. గట్టి నేల మీద అడుగు ఎలా వేస్తోంది, మెత్తటి నేల మీద ఎలా వేస్తోంది, చిన్న వలయంలో తిప్పితే ఏ కాలు దాచుకుంటోంది, ఒక కాలు ఎత్తి పట్టుకుంటే రెండో కాలి మీద ఎంతసేపు నిలబడగలుగుతోంది. గిట్టలు కోయించుకోవడానికి మొరాయించే గుర్రాన్ని మొండిదని తిడతారు. చాలాసార్లు అది మొండితనం కాదు, మూడు కాళ్ల మీద నిలబడలేకపోవడం.

మందలో దాని స్థానం గమనించండి. మునుపు ఎవరి పక్కన మేసేదో వాళ్ల పక్కనే ఉందా, నీళ్లతొట్టి దగ్గర వేరేవి తరిమితే తప్పుకోగలుగుతోందా, ఒక మూల ఒంటరిగా నిలబడిపోతోందా. తోటి గుర్రం మెడ గోకడం, నేల మీద దొర్లడం లాంటివి మానేసిందంటే అది పెద్ద కబురే.

కొన్ని అంకెలు కూడా కావాలి. విశ్రాంతిగా ఉన్న, ఎదిగిన గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 8 నుంచి 16 సార్లు ఆడుతుంది, ఒంటి వేడి 37 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె వేగం రోజుల తరబడి ఎక్కువగానే ఉంటే నొప్పి అణగలేదేమో చూడాలి. ఒంటి కొవ్వు అంచనాకు 1983లో అమెరికా పరిశోధకుడు హెన్నెకే రూపొందించిన 1 నుంచి 9 దాకా ఉండే కొలమానం వాడండి. పక్కటెముకలు, వెన్ను, తోక మొదలు, మెడ, భుజాల వెనక చేత్తో తడిమి చూసి అంకె వేస్తారు. చలికాలపు దట్టమైన వెంట్రుకల కింద ఎముకల గూడు దాక్కుని ఉంటుంది, కంటితో చూసి సరిపెట్టకండి.

ఇక ఒక మాట. "మేత తింటోంది కదా" అన్నది గుర్రాల యజమానులను అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసే ఓదార్పు. గిట్టల్లో తీవ్రమైన నొప్పి ఉన్న గుర్రం కూడా మేత ముందుంటే తింటుంది. తినడం మానేసే వేళకు అది చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఆకలిని కాకుండా నిద్రను, నడకను, స్నేహాన్ని చూడండి.

ప్రతి సాయంత్రం క్యాలెండర్‌లో ఆ రోజు మంచిదో చెడ్డదో ఒక గుర్తు పెట్టండి. ఎటూ తేలని రోజుకు మూడో గుర్తు వద్దు, ఏదో ఒకవైపు నిర్ణయించండి. వీలైతే గుర్రంతో అంత అనుబంధం లేని మనిషి ఒకరు వారానికోసారి వచ్చి, మీ గుర్తులు చూడకుండా, తమ గుర్తు వేయాలి. మీకూ వాళ్లకూ మధ్య తేడా పెరుగుతుంటే అది మీరు నిదానంగా కూర్చుని ఆలోచించాల్సిన విషయం.

నొప్పిమందుతో తేల్చుకోండి

గుర్రం సవారీకి ఎదురుతిరుగుతోంది, జీను వేయబోతే కొరకబోతోంది, మందకొడిగా ఉంటోంది. ఇది స్వభావమా, నొప్పా అన్న అనుమానం ఉంటే వైద్యుడి పర్యవేక్షణలో కొంతకాలం నొప్పిమందు ఇచ్చి చూడవచ్చు. ఫినైల్‌బ్యూటజోన్ ఇందుకు ఎక్కువగా వాడే మందు. మందు మీద గుర్రం మారిపోయిందంటే ఇన్నాళ్లూ నొప్పితోనే ఉందని అర్థం. మారలేదంటే నొప్పి లేదని వెంటనే అనుకోకండి, ఆ మందుకు లొంగని నొప్పి కావచ్చు.

ఈ జాతి మందులు ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో వాడితే కడుపులో పుండ్లు, పెద్దపేగులో వాపు, మూత్రపిండాలకు దెబ్బ కలగవచ్చు. రెండు రకాలు ఎప్పుడూ కలిపి ఇవ్వకండి. మోతాదు మీరే పెంచుకుంటూ పోకండి. మోతాదు పెంచాలనిపించిన ప్రతిసారీ తేదీ వేసి రాసుకోండి, ఎందుకంటే నిర్ణయం తీసుకోవాల్సిన రోజున ఆ తేదీల మధ్య దూరం ఎలా తగ్గుతూ వచ్చిందో చూస్తే చాలావరకు విషయం అర్థమవుతుంది.

మీరేం ఇవ్వగలరో లెక్క వేయండి

జబ్బు ఒక్కటే అయినా, దానితో బతకడానికి ఒక్కో గుర్రానికి ఒక్కో రకం ఏర్పాటు కావాలి. ఉబ్బసం ఉన్నదానికి దుమ్ము లేని గాలి, తడిపిన గడ్డి, వీలైనంతసేపు ఆరుబయట ఉండటం మందులతో సమానం. ఎండుగడ్డి నిలవచేసిన కొట్టు పక్కనే దాని లాయం ఉంటే ఎంత ఖరీదైన మందు వాడినా ఫలితం అంతంతమాత్రమే. ఇన్సులిన్ సమస్య ఉన్నదానికి చక్కెర తక్కువగా ఉన్న గడ్డి, గింజల దాణా మానేయడం, పచ్చికకు కట్టడి కావాలి. గడ్డిని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత చక్కెర పోతుంది. లామినైటిస్ ఉన్నదానికి గిట్టలు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి సరిచేయాలి. కుషింగ్స్ గుర్రానికి రోజూ మాత్ర, వేడిమిలో వెంట్రుకలు కత్తిరించడం, పురుగుల మీద, ఇన్ఫెక్షన్ల మీద ఎక్కువ నిఘా ఉండాలి. గుడ్డిదానికి కంచెలు, తొట్టెలు చోటు మారకూడదు.

రెండు జబ్బులు కలిసినప్పుడే అసలు చిక్కు. కీళ్లు అరిగిన గుర్రం రోజంతా నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, కట్టేస్తే బిగుసుకుపోతుంది. లామినైటిస్ ఉన్న గుర్రాన్ని పచ్చిక మీద వదలకూడదు. ఒకే గుర్రానికి రెండూ ఉంటే గడ్డి లేని, మెత్తటి నేల ఉన్న ఆవరణ చేసి, ఒక చోట నీళ్లు, దూరంగా ఇంకో చోట ఎండుగడ్డి పెట్టి, నడవక తప్పని ఏర్పాటు చేయాలి. మీ దగ్గర అలాంటి స్థలం ఉందా? లేకపోతే చేయగలరా? ఊహలో ఉన్న పచ్చిక బయలు గురించి కాదు, మీకున్న నేల గురించి ఆలోచించండి.

ఆ తర్వాత మనుషులు. రోజుకు రెండుసార్లు చూసుకునేది ఎవరు, మీరు జబ్బుపడితే ఆ చేతులు ఎవరివి, చలి వానల్లో కూడా అది సాగుతుందా. ఆ తర్వాత డబ్బు. నెలకు ఎంత దాకా పెట్టగలరో, ఒక్క పెద్ద చికిత్సకు ఎంత దాకా పెట్టగలరో ముందే ఒక అంకె రాసిపెట్టుకోండి. అత్యవసర వేళ, భయంలో, అప్పు చేసి చేయించిన శస్త్రచికిత్స తర్వాత కోలుకునే నెలల ఖర్చు భరించలేక గుర్రాన్ని వదిలేసే పరిస్థితి మరీ ఘోరం. డబ్బు గురించి ఆలోచించడం ప్రేమ లేకపోవడం అనుకోవద్దు. మీ చేతిలో ఉన్నదే దానికి దక్కే వైద్యం.

ఏ దారి ఉందో చూడండి

పని తగ్గించి ఉంచుకోవడం చాలా గుర్రాలకు మేలు చేస్తుంది. కీళ్ల అరుగుదల ఉన్న గుర్రానికి వైద్యుడు ఒప్పుకుంటే రోజూ తేలికపాటి నడక మంచిదే. ఒక్కసారిగా పని మొత్తం మాన్పించి నిలబెడితే కండలు కరిగి కీళ్లకు ఆధారం పోతుంది.

పూర్తి విశ్రాంతి అంటే పచ్చికలో వదిలేసి మరిచిపోవడం అనుకునేవాళ్లు ఉన్నారు. పని చేయని గుర్రానికి కూడా పళ్లు, గిట్టలు, టీకాలు, పురుగులమందు, రోజువారీ చూపు అన్నీ కావాలి. ఏపుగా పెరిగిన పచ్చిక లామినైటిస్ గుర్రానికి విషమే. ఇంకొకరి స్థలంలో డబ్బు కట్టి ఉంచుతున్నట్లయితే చెప్పకుండా వెళ్లి చూడండి, గిట్టలు ఎప్పుడు కోశారో అడగండి.

ఇంకో గుర్రానికి తోడుగా ఇవ్వడం మంచి ఆలోచన, జబ్బు నిలకడగా ఉన్నప్పుడు. నొప్పితో ఉన్న గుర్రాన్ని తోడుగా పంపితే అక్కడివాళ్లకు మీరు ఇచ్చేది ఖర్చు, దిగులు. పిల్లలకు సవారీ ద్వారా చికిత్స చేసే కేంద్రాలు కుంటి గుర్రాలను తీసుకుంటాయని చాలామంది ఆశపడతారు. అక్కడ గుర్రం రకరకాల మనుషుల బరువును, తడబాటును మోయాలి కాబట్టి వాళ్లకు కావలసింది ఆరోగ్యమైన, నెమ్మదైన గుర్రం. ఆశ్రయ కేంద్రాలు చాలావరకు నిండిపోయి ఉంటాయి, పైగా వాటి స్థలం ఎవరూ లేని గుర్రాలకు దక్కడం న్యాయం.

అమ్మడం, ఊరికే ఇచ్చేయడం గురించి నా మాట కటువుగానే ఉంటుంది. నయం కాని జబ్బున్న గుర్రాన్ని పరిచయం లేని వాళ్లకు ఉచితంగా ఇవ్వకండి. "మంచి ఇంటికి పంపాం" అని మనం అనుకున్న గుర్రం నొప్పిమందుతో కుంటు కప్పిపుచ్చబడి, ఆరోగ్యమైనదిగా అమ్ముడుపోయి, మందు దిగాక కొట్టించుకుంటూ పనిచేసి, చేతులు మారి మారి చివరికి కబేళాకు చేరడం జరుగుతూనే ఉంది. దాని చివరి సంవత్సరాలు అలా గడవడం కంటే, తెలిసిన చోట, తెలిసిన మనుషుల మధ్య, నొప్పి లేకుండా ముగియడం వెయ్యిరెట్లు మేలు. తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే జబ్బు వివరాలు, మందులు, ఎక్స్‌రేలు అన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి. ఉంచుకోలేకపోతే మీకే తిరిగి ఇవ్వాలని, మీకు చెప్పకుండా అమ్మకూడదని ఒప్పందం రాయించుకోండి. వీలైతే యాజమాన్యం మీ పేరు మీదే ఉంచి పెంపకానికి మాత్రమే ఇవ్వండి. ఆ తర్వాత వెళ్లి చూస్తూ ఉండండి.

గీత ముందే గీసుకోండి

ముందే కూర్చుని, ఏది జరిగితే గుర్రాన్ని సాగనంపుతారో రాయండి. చెడ్డ రోజున రాస్తే భయం రాస్తుంది, మరీ మంచి రోజున వాయిదా వేస్తే ఆశ రాయనివ్వదు. మామూలు రోజు చూసుకోండి.

అమెరికాలోని అశ్వవైద్యుల సంఘం వైద్యులకిచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. నయం కాని జబ్బు వల్ల ఆగని నొప్పి గానీ, అదుపు చేయలేని నొప్పి గానీ గుర్రం భరించాల్సిన పని లేదని, మంచి బతుకు దక్కే అవకాశం లేని స్థితిలో దాన్ని సాగదీయకూడదని, నొప్పి కోసం జీవితాంతం మందుల మీదో, లాయంలో బందీగానో బతకాల్సిన పరిస్థితి ఉండకూడదని, తనకూ చూసుకునేవాళ్లకూ ప్రమాదంగా మారిన స్థితిలో ఉంచకూడదని వాటి సారాంశం. జీవితాంతం మందుల విషయంలో కొంత తేడాగా ఆలోచించేవాళ్లున్నారు. చిన్న మోతాదుతో హాయిగా తిరిగే ముసలి గుర్రాన్ని నేనైతే సాగనంపను. లాయంలో బందీగా ఉంచడం విషయంలో మాత్రం ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. తిరగడానికి పుట్టిన జంతువును నాలుగు గోడల మధ్య జీవితాంతం ఉంచి కాపాడామనుకోవడం మన తృప్తి కోసమే.

మీ గీత మీ గుర్రానికి సరిపోయేలా ఉండాలి. "బాగా బాధపడితే" అని రాస్తే ఉపయోగం లేదు, ఆ మాటకు రేపు మీరే ఇంకో అర్థం చెప్పుకుంటారు. నెలలో చెడ్డ రోజులు మంచి రోజుల్ని దాటితే, మందు పూర్తి మోతాదులో ఉన్నా రెండు వారాల పాటు పడుకోకపోతే, సరైన మేత, సరైన గిట్టల సంరక్షణ ఉండి కూడా ఏడాదిలో లామినైటిస్ మూడోసారి వస్తే, సాయం లేకుండా లేవలేని రోజు ఒక్కటి వస్తే, ఇలా ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా రాయండి. చివరిది మరీ ముఖ్యం. 500 కిలోల జంతువు కింద పడి ఉండిపోతే దాని బరువే దాని కండల్ని నలిపేస్తుంది, ఆ స్థితిలో గంటలు చాలా విలువైనవి.

కాలం కూడా చూడండి. కీళ్ల నొప్పుల గుర్రానికి చలికాలం, గడ్డకట్టిన నేల, జారే బురద గడ్డు రోజులు. పోయినేడాది అతికష్టం మీద గట్టెక్కిన గుర్రం ఈసారి ఇంకా బలహీనంగా ఉంటే, చలి మొదలయ్యేలోపే, ఎండ కాసే రోజుల్లోనే నిర్ణయించడం దయగల పని. ముందే చేసేశామేమో అన్న దిగులు మీకు ఉండవచ్చు. గుర్రానికి రేపటి గురించి ఆశ ఉండదు, ఇవాళ్టి నొప్పి మాత్రం ఉంటుంది.

ఆ కాగితం ఒక ప్రతి వైద్యుడికి, ఒకటి మీరు లేనప్పుడు గుర్రాన్ని చూసుకునేవాళ్లకు ఇవ్వండి. మీరు ఫోన్లో దొరక్కపోతే నిర్ణయం ఎవరిదో పేరు రాయండి. బీమా ఉంటే, అత్యవసరం కాని పరిస్థితుల్లో బీమా సంస్థకు ముందే తెలిపి అనుమతి తీసుకోండి, లేకపోతే డబ్బు రాకపోవచ్చు.

ఇంట్లోవాళ్లతో, ముఖ్యంగా ఆ గుర్రంతో పెరిగిన పిల్లలతో, ముందే మాట్లాడండి. "నిద్రపోయింది", "వేరే ఊరు వెళ్లింది" అని చెప్పకండి.

సాగనంపాల్సి వస్తే

రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఒకటి, మొదట మగతమందు ఇచ్చి ఆపైన మత్తుమందు అధిక మోతాదులో నరంలోకి ఎక్కించడం. రెండోది, అనుభవం ఉన్న మనిషి మెదడులోకి సరైన చోట తూటా కాల్చడం. రెండోదానికి చూసేవాళ్లు జంకుతారు, చప్పుడు, రక్తం ఉంటాయి. సరిగా చేస్తే గుర్రానికి స్పృహ ఆ క్షణమే పోతుంది. సూదులంటే బెదిరిపోయే గుర్రానికి అదే మేలు కావచ్చు. ఏది తగినదో వైద్యుడితో ముందే మాట్లాడి పెట్టుకోండి.

కళేబరాన్ని ఏంచేయాలన్నది ముందే తేల్చాలి, ఆ రోజు మీకు ఆ ఓపిక ఉండదు. పూడ్చడం, దహనం, సేకరించి తీసుకెళ్లే సేవ, ఏది అనుమతిస్తారో మీ ప్రాంతపు నియమాలు అడిగి తెలుసుకోండి. పెంటోబార్బిటాల్ లాంటి మందుతో చనిపోయిన గుర్రం మాంసం తిన్న కుక్కలు, రాబందులు, గద్దలు చచ్చిపోతాయి. కాబట్టి కళేబరాన్ని ఆరుబయట వదలకూడదు, లోతుగా, నీటి వనరులకు దూరంగా పూడ్చాలి.

చోటు సమతలంగా, మెత్తగా, పెద్ద బండి వచ్చిపోయే వీలుతో ఉండాలి. లాయం లోపల వద్దు. గుర్రానికి ఇష్టమైన మేత ముందు పెట్టండి. కళ్లెం పట్టుకునేది పడేటప్పుడు ఎటు తప్పుకోవాలో తెలిసిన మనిషై ఉండాలి. మీరు పక్కనే ఉండాలన్న నియమం లేదు. మీ కంగారు గుర్రానికి తెలుస్తుంది, తట్టుకోలేననిపిస్తే ముందే వీడ్కోలు చెప్పి వెళ్లిపోవడం తప్పేమీ కాదు.

ఉండదలచుకుంటే ఏం కనిపిస్తుందో తెలుసుకుని ఉండండి. గుర్రం నెమ్మదిగా ఒరగవచ్చు, దబ్బున పడవచ్చు. పడ్డాక కండలు అదరడం, ఒకటి రెండు పెద్ద ఊపిరులు తీసినట్టుండటం జరుగుతుంది. అప్పటికి దానికి స్పృహ ఉండదు. కళ్లు తెరుచుకునే ఉంటాయి. వైద్యుడు గుండె చప్పుడు విని, కంటిపాప తాకి చూసి ఖాయం చేస్తాడు. ఆ తర్వాత కావాలంటే జూలులోంచి, తోకలోంచి కొన్ని వెంట్రుకలు కత్తిరించి ఉంచుకోవచ్చు, లాడాలు తీయించుకోవచ్చు.

మిగిలిన గుర్రాల సంగతి మరవకండి. తోటి గుర్రాన్ని దగ్గరికి వచ్చి వాసన చూడనివ్వండి. కొన్ని ఒకసారి మూతి ఆనించి మేతకు వెళ్లిపోతాయి, కొన్ని చాలాసేపు అక్కడే నిలబడతాయి. ఏదీ చూపకుండా జత గుర్రాన్ని మాయం చేస్తే మిగిలింది రోజుల తరబడి కంచె వెంట తిరుగుతూ సకిలిస్తూ ఉండవచ్చు. ఉన్నవి రెండే అయితే ఒంటరైపోయే దానికి తోడు ఎవరో ఆ రోజుకు ముందే ఏర్పాటు చేసి ఉండాలి. తర్వాతి కొన్ని రోజులు అది మేత తింటోందా, నీళ్లు తాగుతోందా, లద్దె మామూలుగా వేస్తోందా చూడండి. దిగులుతో మేత మానేస్తే కడుపునొప్పి రావచ్చు. కాబట్టి ఒక పూట మేత ముట్టకపోయినా వైద్యుడికి ఫోన్ చేయండి. చనిపోయిన గుర్రం మందులు మిగిలితే ఇంకోదానికి వేయకుండా వైద్యుడికి తిరిగి ఇచ్చేయండి. దాని గుర్తింపు పత్రాలు జారీచేసిన సంస్థకు కూడా కబురు చేయండి.